తాడు ఎవరి చేతికివ్వాలి

పోయిన నెల మా చర్చి సంఘం యువకులు కొందరు ఇంటికొచ్చారు. యూత్ మీటింగులో క్షమాపణ గురించి నేను మాట్లాడాలట, పది నిమిషాలు. వాళ్ళలో ఒకమ్మాయి సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది. "సింపుల్ అంకుల్. క్షమించేసి ముందుకెళ్ళిపోవాలి, అంతే కదా" అంది నవ్వుతూ. మంచి పిల్లే. కానీ ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. టీ ఇచ్చి పంపించేశాను, మీటింగుకి మాత్రం వెళ్ళలేదు. పది నిమిషాల్లో పట్టని సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయికి తెలుగు చదవడం కష్టమైతే వాళ్ళమ్మ చదివి వినిపించాలి.

నేను మురుగు కాలువలు శుభ్రం చేసిన మనిషిని. మా నాన్న శ్రీకాకుళం నుంచి కలకత్తా వచ్చి వీధులు ఊడ్చాడు. నేనూ మా తమ్ముడూ ఒక కాంట్రాక్టు కంపెనీ గ్యాంగులో చేరాం. మనుషుల్ని మేన్‌హోల్లోకి దింపకూడదని చట్టం ఉంది, యంత్రాలున్నాయి అంటారు. ఉన్నాయి నిజమే. ఇరుకు సందుల్లోకి యంత్రం రాదు, వచ్చిన చోట చెడిపోయి ఉంటుంది. నీళ్ళు నిలిచి గల్లీ పెద్దల ఫోన్లు మోగడం మొదలైతే చట్టం సంగతి ఎవరికీ గుర్తుండదు. అప్పుడు మేమే గుర్తొస్తాం.

దిగేవాడి నడుముకి తాడు కడతారు. పైన ఒకడు దాని కొస పట్టుకుని నిలబడతాడు. కాసేపటికొకసారి పైవాడు రెండుసార్లు లాగుతాడు, కిందవాడు తిరిగి రెండుసార్లు లాగాలి. జవాబు రాకపోతే అందరూ కలిసి పైకి లాగేస్తారు. తాడు మనిషి చేతిలోనే ఉండాలి, స్తంభానికీ కిటికీకీ కట్టకూడదు. మా గ్యాంగులో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఆ రోజు తన తాడు ఎవరు పట్టాలో దిగేవాడే ఎంచుకునేవాడు. కొస తన చేత్తో తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టాలి. మనసులో విరోధం ఉన్నవాడికి ఇచ్చేవాడు కాదు. సూపర్‌వైజర్లకి ఇదంతా చాదస్తంలా కనిపించేది, ఎందుకంటే వాళ్ళెవరూ ఎప్పుడూ దిగలేదు.

మా తమ్ముడు ఎప్పుడూ తాడు ఒకరికే ఇచ్చేవాడు. ఆయన మా క్వార్టర్సు మనిషే, మా సంఘంలోవాడే. చుట్టరికం ఏమీ లేదు గానీ నేనూ తమ్ముడూ ఆయన్ని, ఆయన మమ్మల్ని బావా అని పిలిచేవాళ్ళం. ఇక్కడ కూడా బావ అనే రాస్తాను. మధ్యలో కొన్నేళ్ళు ఆ మాట నా నోట్లోంచి రాలేదు.

మెటియాబ్రుజ్‌లో దర్జీ కొట్లున్న ఒక సందులో పని పడింది. ఎండ మాడిపోతోంది. సూపర్‌వైజర్ తొందర పెట్టాడు. పక్క మూతలు తీసి గ్యాసు పోయేదాకా ఆగాలన్నది పద్ధతి, ఆగనివ్వలేదు. తమ్ముడు తాడు కొస బావ చేతికిచ్చి దిగాడు. నేను సందు మొదట్లో ఇంకో మేన్‌హోల్ దగ్గర బురద ఎత్తిపోస్తున్నాను. కాసేపటికి కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం వినిపించింది. తర్వాత కేకలు. నేను పరిగెత్తుకొచ్చేసరికి తాడు ఒక కొట్టు కిటికీ ఊచకి కట్టి ఉంది. బావ రోడ్డవతల టీకొట్టు నుంచి చేతిలో మట్టి కప్పుతో పరిగెత్తుకొస్తున్నాడు. మేమందరం కలిసి లాగాం. తమ్ముడు పైకొచ్చాడు గానీ ప్రాణంతో రాలేదు.

టీకి వెళ్ళాడు. అంతే. ఆ ఒక్కదాన్ని నేను ఏనాటికైనా క్షమించి ఉండేవాణ్ణేమో. ఎండలో నిలబడ్డ మనిషికి నాలుక పీకేస్తుంది, అది నాకూ తెలుసు. కానీ మర్నాడు పోలీసుల ముందూ కంపెనీ పెద్దల ముందూ బావ చెప్పింది వేరు. "ఆడు తాగున్నాడు బాబూ. వద్దంటే ఇన్నేదు, దిగిపోనాడు" అన్నాడు.

ఆ మాట ఎందుకు అంటుకుపోయిందో మీకు చెప్పాలి. మా పనిలో చాలామంది తాగే దిగేవారు. ఆ కంపులోకి మామూలుగా దిగడం ఎవరివల్లా కాదు. అందుకే తాగి చచ్చాడంటే లోకమంతా ఇట్టే నమ్మేసింది. మా తమ్ముడు బాప్తిస్మం తీసుకున్న రోజునుంచీ చుక్క ముట్టలేదు. ముక్కుకి కర్పూరం గుడ్డ కట్టుకుని దిగేవాడు. ఆదివారం చర్చిలో సాక్ష్యానికి లేచి నిలబడి ఆ సంగతే చెప్పేవాడు, పనిలో తోటివాళ్ళు ఎగతాళి చేస్తే వాళ్ళతోపాటు నవ్వేవాడు. అలాంటివాడిని తాగుబోతుగా పూడ్చిపెట్టాల్సి వచ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మా అమ్మ వచ్చేసరికి మాటలు ఆపేసేవారు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఇక క్షమాపణ సంగతి. సమాధి కార్యక్రమం అయిందో లేదో, మట్టి ఇంకా తడిగానే ఉంది, మా పాస్టరు అయ్యగారు బావని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. బావ నా కాళ్ళ మీద పడ్డాడు. ఏమీ అనలేదు, ఏడ్చాడు. అయ్యగారు అతన్ని లేపి, నా చెయ్యి తీసుకుని అతని చేతిలో పెట్టారు. "ప్రభువు మనల్ని క్షమించలేదా, నువ్వూ వదిలెయ్యాలి బ్రదర్" అన్నారు. వెనక ఎవరో ఆమెన్ అన్నారు. కంపెనీ సూపర్‌వైజర్ కూడా వచ్చాడు, బెంగాలీ ఆయన. అతను నా భుజం తట్టి "ఛేడే దావ్ దాదా" అన్నాడు. వదిలెయ్ అని.

చూశారా, ఒక్క రోజులో అందరి నోటా అదే మాట. గ్యాసు పోకముందే దింపినవాడు వదిలెయ్యమన్నాడు. తాడు కట్టేసి వెళ్ళినవాడు ఏడుపుతోనే వదిలెయ్యమన్నాడు. ఎప్పుడూ తాడు పట్టని అయ్యగారు దేవుడి పేరు పెట్టి వదిలెయ్యమన్నారు. మా తమ్ముడి మీద పడ్డ నింద తీసెయ్యమని మాత్రం ఒక్కరూ అనలేదు. నేను క్షమిస్తే వాళ్ళందరికీ సుఖం. కంపెనీకి గొడవ ఉండదు, సంఘానికి రెండు కుటుంబాలూ ఉంటాయి, సాయంత్రం అందరూ హాయిగా అన్నం తింటారు. నా చెయ్యి లాక్కున్నాను. అయ్యగారి ముఖం చిన్నబోయింది. ఆయన మంచివారే, మా క్వార్టర్సులో ఎందరి చావు బతుకులకో నిలబడ్డ మనిషి. కానీ ఆ రోజు ఆయన చేసింది తప్పు అని ఇప్పటికీ అంటాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టె పంచే ఆరాధనలో, పాలుపంచుకోలేదు. మా సంఘంలో విరోధం పెట్టుకున్నవాళ్ళు రొట్టె ముట్టకూడదు. నెల మొదటి ఆదివారం పళ్ళెం వరసలో వస్తుంది, నేను అందుకుని పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి. పరలోక ప్రార్థనలో క్షమించే మాట దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకునేవాణ్ణి. అబద్ధం ఆడి నిలబెట్టుకున్న బావ మాత్రం రొట్టె తీసుకునేవాడు. అది చూసి నా కడుపు మండిపోయేది. దేవుడి ముందు పాపిని నేనయ్యాను, చూడండి.

ఒకరోజు మా అమ్మని అడిగాను, నువ్వు క్షమించావా అని. ఆవిడ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "ఛెమించడానికి నాను సిద్దమేరా. ఏటి సేసినాడో ఆడు నోటితో సెప్పాల గదా. సెప్పకుండా కాళ్ళట్టుకుంటే నా కాళ్ళకేటి తెలుస్తాది" అంది. అయ్యగారి ప్రసంగాలన్నిటికన్నా ఆ మాట నాకు తిన్నగా తగిలింది.

పనిలో బావా నేనూ ఒకే గ్యాంగు. మాట్లాడుకునేవాళ్ళం కాదు. గ్యాంగులో ఒక్కరూ అతని చేతికి తాడు ఇచ్చేవారు కాదు, హిందువులైనా ముస్లిములైనా మావాళ్ళైనా. కాబట్టి అతనికి దిగడమే తప్ప పైన తాడు పట్టడం లేదు. అతని తాడు మిగతావాళ్ళు వంతులవారీగా పట్టేవారు, నేను తప్ప. కొత్త అయ్యగారొచ్చాక ఆయనా నాకు నచ్చచెప్పారు. ఇంటికొచ్చి మా ఆవిడతో అంటే తను ఒక్కటే అంది: "ఛెమిస్తే ఛెమించు. తాడు మాత్రం ఇవ్వకు. రెండూ ఒకటనుకోకు." పిల్లలూ, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. మా ఆవిడ బైబిలు కాలేజీలో చదవలేదు.

తర్వాత ఒక వానాకాలం. భవానీపూర్‌లో ఒక పాత వీధి రాత్రంతా మోకాలి లోతు నీళ్ళల్లో ఉంది, పంపు పెట్టి తోడితే పాదాలు మునిగేటంత మిగిలింది. గ్యాంగు వేరు వేరు చోట్లకి చెదిరిపోయింది. నా తాడు పట్టే మనిషి జ్వరంతో ఇంటి దగ్గర ఉన్నాడు. బావ పొద్దున్నే ఇంకోచోట దిగి, గాజు పెంకు గుచ్చుకుని, కాలికి గుడ్డ చుట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. దిగడానికి మిగిలింది నేను. తాడుకి మిగిలింది అతను. సూపర్‌వైజర్ అదే పాత ఆయన. అరుగుల మీద వీధివాళ్ళు గొడుగులేసుకుని నిలబడి అరుస్తున్నారు.

మూత తీశాం. పక్క మూత ఇంకా తీయలేదు. "దిగు, దిగు, గ్యాసు పోయేదాకా పూజ చేస్తూ కూర్చుంటామా" అన్నాడు సూపర్‌వైజర్. తాడు తీసి బావ మీదకి విసిరాడు.

"ఇతనికి ఇవ్వను. ఇంకొకర్ని పిలిపించండి" అన్నాను.

"అబ్బబ్బ, ఇంకా ఆ పాత గొడవేనా. ఛేడే దావ్."

బావ తాడు నీళ్ళల్లో పడేశాడు. కుంటుకుంటూ వచ్చి మేన్‌హోల్ అంచు మీద, నీళ్ళల్లోనే, బొక్క మూసుకుపోయేలా కూర్చున్నాడు. నాకేసి చూడలేదు. సూపర్‌వైజర్‌నే చూస్తూ బెంగాలీలో చెప్పడం మొదలెట్టాడు, వీధంతా వినేలా. గ్యాసు పోయేదాకా ఎవడూ దిగడన్నాడు. ఆ రోజు మెటియాబ్రుజ్‌లో కూడా మీరు ఇలాగే దింపారన్నాడు. "ఆ కుర్రాడు తాగలేదు. తాడు కిటికీకి కట్టి టీకి పోయింది నేను. తాగాడని చెప్పకపోతే నన్ను జైలుకి పంపుతానన్నది మీరు" అన్నాడు.

అరుగుల మీద అరుపులు ఆగిపోయాయి. సూపర్‌వైజర్ ముఖం ఎర్రబడింది. రేపట్నుంచి పనిలోకి రావక్కర్లేదన్నాడు. బావ తల ఊపాడు, అక్కణ్ణించి కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "బావా, ఆడు తాగనేదు. నానబద్దం సెప్పినాను. భయమేసి సెప్పినాను. అత్తకి సెప్పడానికి నోరు రానేదు."

ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఆ మాట కోసం. వినగానే మనసు తేలికపడుతుందనుకునేవాణ్ణి. పడలేదు. ముందు నాకొచ్చింది కోపమే. ఇంత సులువుగా అనగలిగిన మాట ఇన్నేళ్ళు ఎందుకు మింగాడని కోపం. వంగి అతని చెంప మీద ఒక్కటిచ్చాను. గట్టిగానే ఇచ్చాను. ఒక గొడుగాయన అయ్యో అన్నాడు. బావ చెంప తడుముకోలేదు, లేవలేదు కూడా.

"లే. ఆ మూత కూడా తియ్యి. గ్యాసు పోవాల" అన్నాను.

ఇద్దరం కలిసి పక్క మూతలు తీశాం. సూపర్‌వైజర్ ఫోను పట్టుకుని దూరంగా పోయాడు. మేం గట్టు మీద కూర్చుని ఆగాం, ఎంత సేపు ఆగాలో అంత సేపూ.  నేను ఆలోచిస్తున్నది మా ఆవిడ మాటే. తాడు ఇవ్వాలా వద్దా. నాకూ పిల్లలున్నారు. ఈ మనిషి ఒకసారి తాడు వదిలి వెళ్ళాడు. కానీ ఇదే మనిషి ఇప్పుడు నన్ను దిగనివ్వకుండా ఉద్యోగం పోగొట్టుకుని నీళ్ళల్లో కూర్చున్నాడు. అబద్ధం పట్టుకుని ఉన్నంతకాలం అతనికి తాడు ఇవ్వకపోవడం న్యాయమే. దాన్ని వదిలేశాక కూడా ఇవ్వకపోతే దాన్ని న్యాయం అనడం ఇక నా అబద్ధమే. లేచి తాడు నడుముకి కట్టుకుని కొస తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టాను.

"బావా, తాడట్టు."

 తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాడు. నేను దిగాను.

క్షమించాక దేవదూతలు పాడతారని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. కింద నడుము లోతు బురదలో నిలబడి నేను అతన్ని తిడుతూనే ఉన్నాను. తమ్ముడు ఇలాంటి చోటే ఊపిరాడక పోయాడని గుర్తొచ్చిన ప్రతిసారీ కోపం మళ్ళీ మొదటికొచ్చేది. అంతలో పైనుంచి తాడు రెండుసార్లు కదిలేది. జవాబు లాగేవాణ్ణి. ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ రెండుసార్లు. మామూలుగా ఎవరూ అంత తరచుగా లాగరు. పని చెయ్యనివ్వకుండా లాగుతూనే ఉన్నాడు. కోపం రావడం, తాడు కదలడం, నేను జవాబివ్వడం, ఇదే జరిగింది పని అయ్యేదాకా. నాకు తెలిసిన క్షమాపణ అదే, ఇంతకన్నా బాగా చెప్పలేను.

పైకొచ్చాక "ఏటి బావా, గాలిపటం ఎగరేస్తన్నావేటి" అన్నాను. అతను నవ్వబోయి ఏడ్చాడు. అతని మణికట్టు చుట్టూ తోలు లేచిపోయింది.

ఆ సాయంత్రమే అతన్ని మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి అంతా చెప్పించింది ఆవిడ. టీ సంగతి, కిటికీ సంగతి, అబద్ధం సంగతి. మధ్యలో అతను గొంతు తగ్గిస్తే "గట్టిగా సెప్పు, కుళాయి దాకా ఇనపడాల" అంది. కుళాయి దగ్గర అందరూ బిందెలు పెట్టేసి విన్నారు. అంతా అయ్యాక చాలాసేపు చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని "ఛెమించీసినాను. కాలు కడుక్కో, అన్నం తిని ఎల్లు" అంది. ఆ తర్వాతి మొదటి ఆదివారం పళ్ళెం వచ్చినప్పుడు నేను రొట్టె తీసుకున్నాను.

బావ ఉద్యోగం పోయింది. తర్వాత మా క్వార్టర్సు గేటు దగ్గర బండి పెట్టుకుని ఇడ్లీలు అమ్మాడు. తమ్ముడు తాగలేదని కంపెనీ చేత చెప్పించాలని మేమిద్దరం ఏడాదికి కొన్నిసార్లైనా వాళ్ళ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. ఏసీ గదుల బయట బల్ల మీద కూర్చోబెట్టేవారు. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు, ఛేడే దిన్ అనేవారు మర్యాదగా. బావ నాకన్నా గట్టిగా అరిచేవాడు. కంపెనీ ఇప్పటికీ ఆ మాట మార్చలేదు. వాళ్ళని క్షమించారా అంకుల్ అని మీరు అడుగుతారు. ఆ సంగతి దేవుడికీ నాకూ మధ్య ఇంకా తెగలేదు. నా మనసులోంచి పగ తియ్యమని ప్రార్థన చేస్తాను, మర్నాడు మళ్ళీ వాళ్ళ ఆఫీసుకి వెళ్తాను. ఈ రెండూ కలిసి చెయ్యకూడదని నాకు ఎవరూ చూపించలేదు.

పోయిన చలికాలం బావ చనిపోయాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, మా పనిలో అది మామూలే. సమాధుల తోటలో అయ్యగారు నన్ను పిలిచి, మీ ఇద్దరి సాక్ష్యం చాలామందికి మేలు చేస్తుంది, క్షమాపణ గురించి రెండు మాటలు చెప్పండి అన్నారు. నాకేం చెప్పాలనిపించలేదు. పెట్టె దింపడానికి తోటమాలీలు తాళ్ళు సిద్ధం చేస్తున్నారు. వాళ్ళ దగ్గరికెళ్ళి ఒక కొస అడిగి తీసుకున్నాను.

మెల్లగా దింపాం. పెట్టె అడుగుకి చేరాక తాళ్ళు పైకి తీసెయ్యాలి, మిగతావాళ్ళు తీసేశారు. నా చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ తాడుని రెండుసార్లు లాగింది. లాగి, తల వంచుకుని, జవాబు కోసం ఆగాను. అందరూ నాకేసి చూస్తున్నారని తెలుసు. పక్కనున్న బెంగాలీ మాలీ నా మోచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, "హోయే గేఛే దాదా" అన్నాడు. అయిపోయిందని. నాకు తెలుసన్నాను. ఇంకొక్కసారి లాగి చూసి, తాడు పైకి తీశాను.